కోసిన మట్టెలు

తులసి గద్దె ముందు సుద్దముక్కతో వేసిన ముగ్గు ఇంకా చెరగలేదు. వేసిన మనిషి పోయి మూడు రోజులైంది. చావు జరిగిన ఇంట్లో కొత్త ముగ్గు వెయ్యరు. పాతదాన్ని కడిగే ఓపిక ఎవరికీ లేదు.

నర్మద దాని ముందు గొంతుక్కూచుని చూసింది. చుక్కల ముగ్గు. మొదటి వరస దారం పట్టి పెట్టినట్టు తిన్నగా ఉంది. రెండో వరసలో చుక్కలు పక్కకు జరిగాయి. మూడో వరసలో ఒక చుక్కను ఆనుకుని ఇంకో చుక్క పడింది. గీతలు చుక్కల మధ్య నుంచి పోవాల్సింది పోయి, వాటి నెత్తి మీది నుంచే పోయాయి.

"ముగ్గుల పోటీకి జడ్జిగ వచ్చినవా నర్మదమ్మా?"

వెనక సీఐ ఓంప్రకాశ్ నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు కరీంనగర్‌లో ఇద్దరూ ఒకే స్టేషన్‌లో పనిచేశారు. ఆయన ఎస్సై, ఆమె కానిస్టేబుల్. భర్త చనిపోయాక ఆమె ఉద్యోగం వదిలేసి, ఒక గది అద్దెకు తీసుకుని డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంది. పెండ్లి సంబంధాల వాకబులు, తప్పిపోయిన మనుషులు. అన్నీ అయ్యాక ఆ గదికి తిరిగిపోయి ఒక్కతే తాళం తీసుకునేది.

"హనుమంతు పిలిపిచ్చిండు సార్," అంది లేస్తూ.

"తెలుసు. మస్కట్ నుంచి నాకు గూడ చేసిండు. తల్లిని ఇడిసిపెట్టమంటడు."

"నాతోని గట్ల అనలే. మా అవ్వ చంపిందంటే చంపిందనే చెప్పు మేడం, తెలువకుండ మాత్రం నన్ను ఉంచకు అన్నడు."

ఓంప్రకాశ్ వేళ్లు మడిచి తన కేసు తనే చెప్పాడు. చనిపోయింది హనుమంతు భార్య తిరుమల, ఇరవై రెండేళ్లు, ఎనిమిదో నెల. సోమవారం పొద్దున పెరట్లో నీళ్ల తొట్టి దగ్గర పడి ఉంది. నోట్లో నురగ, తెగిన నాలుక, చేతుల మీద కమిలిన గుర్తులు. కడుపులో బిడ్డ కూడా దక్కలేదు. ఆ టైముకు ఇంట్లో ఉన్నది అత్త బుచ్చవ్వ ఒక్కతే. కొట్టంలో పురుగుల మందు డబ్బా ఉంది. ముందు రాత్రి కోడలికి మజ్జిగ ఇచ్చింది అత్తే. అంతకు వారం ముందు అత్త అరిచిన అరుపులు గల్లీ అంతా విన్నది.

"ఏమని అరిచింది?"

"నా కొడుకు బతికుండంగ బోసి వేళ్లతోని తిరుగుతవా అని. ఇగ ఇది చూడు." ఆయన జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. లోపల వెండి మట్టెల జత, రెండూ కోసి ఉన్నాయి. "ముసల్దాని ఆకువక్క సంచిల దొరికినయ్. శవం కాళ్లకెళ్లి పీకింది. తొట్టి కాడ మగ చెప్పులు గూడ ఉన్నయ్. మొగడు మస్కట్‌ల, ఇంట్ల మగ చెప్పులు. అత్తకు అనుమానమొచ్చింది, మందు పోసింది. పన్నెండింటికి జీపు కదులుతది, కోర్టుల పెడుత."

"ల్యాబ్ రిపోర్టు రాకముందే?"

"అది హైదరాబాద్ నుంచి ఎప్పుడొస్తదో నీకు ఎరుకే గద. అప్పటిదాక గీమెను ఇంట్ల కూసోబెట్టి బియ్యం ఏరిపియ్యాల్నా?"

అంతలో పక్కింటి గోడ మీది నుంచి పిలుపు వినిపించింది. "అక్కా, చాయ్ తాగు."

కోమల. తిరుమలకు తోడుగా ఉన్న మనిషి ఆమె ఒక్కతే అని హనుమంతు చెప్పాడు. తిరుమల కన్నా నెల రోజులు వెనక ఆమె కూడా గర్భవతి. భర్త బియ్యం లారీ మీద మహారాష్ట్ర పోయాడు. గోడ అవతల నడుము పైభాగమే కనిపిస్తోంది. తలకు గుడ్డ బిగించి కట్టుకుంది, ముఖం ఏడ్చి ఏడ్చి ఉబ్బినట్టుంది. గ్లాసు గోడ అంచున సగం బయటికి పెట్టింది. నర్మద చెయ్యి చాచేలోపే అది జారి కింద పగిలింది.

"మూడు రోజులాయె, కన్ను మూతపడుతలేదక్కా," అంది కోమల. "తిరుమలే కండ్లల్ల మెదులుతంది."

"పోనీ తల్లీ. పోయి పండుకో."

నర్మద నీళ్ల తొట్టి దగ్గరికి పోయింది. ఓంప్రకాశ్ చెప్పిన చెప్పులు అక్కడే ఉన్నాయి. పెద్ద సైజు రబ్బరు చెప్పులు. ఒకటి తిరగేసి, మళ్లీ సరిగ్గా పెట్టి, లోపలి అరుగుదల చూసింది. మడమ అచ్చు చెప్పు చివరి దాకా రాలేదు, నాలుగు వేళ్ల వెడల్పు ముందే ఆగిపోయింది. పక్కలు మాత్రం బయటికి తన్నుకుని ఉన్నాయి.

"సార్, మగోడు తొడిగితే మడమ గీడ పడాలె. తొడిగింది పొట్టి పాదం. పొట్టి పాదమే గని మస్తు వెడల్పు."

"అయితే?"

"ఆమె చెప్పులల్ల ఆమె కాళ్లు పట్టలే. మొగని చెప్పులేసుకున్నది."

"పెండ్లాలు మొగని చెప్పులు ఏసుకునుడు నేను ఇప్పటిదాక ఇనలే."

"నేను ఏసుకున్న సార్. ఆయన పోయినంక ఏడాది దాక."

ఓంప్రకాశ్ నవ్వబోయి ఆగాడు.

తిరుమల గదిలో పట్టపగలు కూడా చీకటే. కిటికీకి దుప్పటి కట్టి ఉంది. గాలి రాకుండా కట్టింది కాదు, పైన సందు వదిలేసి, వెలుతురు పడే చోట మాత్రం రెండు మడతలు వేశారు. మంచం కింద తలనొప్పి మందు డబ్బీలు ఖాళీవి దొర్లుతున్నాయి. దిండు పక్కన పొడుగాటి గుడ్డ పేలిక, తలకు బిగించి ముడేసిన ముడి అలాగే ఉంది. గూట్లో గాజులు ఉన్నాయి. నర్మద ఒక గాజు ముక్కు దగ్గర పెట్టుకుంది. సబ్బు వాసన. సబ్బు రాసి కష్టపడి ఊడదీసిన గాజులు. దుప్పట్లు, మజ్జిగ గ్లాసు, చీర కొంగు, దేనికీ పురుగుల మందు కంపు లేదు.

ఈ గదిలో ఒక పిల్ల వెలుతురుకు భయపడుతూ, మొగని చెప్పులు మంచం పక్కన పెట్టుకుని ఎన్ని పగళ్లు పండుకుందో. ఫోన్‌లో హనుమంతుకు ముఖం మాత్రమే చూపించేదట. కాళ్లు చూపించేది కాదు. ముఖం నిండుగా ఉందని ఆయన అక్కడ సంబరపడ్డాడట.

బుచ్చవ్వ వడ్ల బస్తాలకు ఆనుకుని కూచుంది. అరవై దాటిన మనిషి. మూడు రోజులుగా పోలీసులు ఎంత అడిగినా నోరు విప్పలేదు. నర్మద ఆమె పక్కనే నేల మీద కూచుని, కాళ్లు చాపింది. ఇద్దరి కాళ్లూ పక్కపక్కన ఉన్నాయి. నాలుగు పాదాలకూ మట్టెలు లేవు.

"నాయి తీసి తొమ్మిదేండ్లయితంది అవ్వా," అంది నర్మద. "మా ఆడిబిడ్డ తీసింది. సబ్బు పెట్టినా రాకపోతే నూనె తెమ్మన్నది. ఆ నూనె వాసన ఇప్పటికీ నాకు పడదు."

బుచ్చవ్వ మెల్లగా తల తిప్పి ఆ కాళ్లు చూసింది.

నర్మద ఓంప్రకాశ్ పంపిన ఫోటో ఫోన్‌లో తెరిచి చూపించింది. పోస్ట్‌మార్టం గదిలో తీసిన తిరుమల పాదం. రెండో వేలి చుట్టూ లోతుగా దిగిన ఎర్రటి గాడి. ఆ గాడిలో పసుపు ఎండి ఉంది.

"చచ్చినంక పీకితే దీనికి పసుపు ఎవరు పెడుతరు అవ్వా? బతికున్నప్పుడే కోసిండ్రు. కోసినోళ్లే పసుపు పెట్టిండ్రు. అది నువ్వే."

ముసలామె తలుపు వైపు చూసింది. "గట్టిగ అనకు బిడ్డా."

"ఎందుకు?"

"నా కొడుకు పదో అంతస్తు మీద నిలవడి ఇనుప సలాక కడుతడు. పెండ్లాం మట్టెలు కోసినమని ఇంటే వాని కాలు నిలుస్తదా? ఊరోళ్లేమంటరు? బతికున్నోని మట్టెలు కోపిచ్చింది, గందుకే ఇంట్ల పీనుగ లేసిందంటరు. జైలుకు పోతే పోత. నా నోటితోని ఆ మాట రాదు."

"మరి కోపిచ్చినవ్ గద."

"ముందుగాల తిట్టిన. అది అడిగిన నాడు గల్లంత ఇనేటట్టు తిట్టిన. తెల్లారి కాళ్లు చూసిన. వేలు ఉబ్బి మట్టె లోపటికి పోయింది. నెత్తురు కారుతంది. నా పాణం ఆగలే. దొడ్డి దారి నుంచి అవుసల అంతయ్య కాడికి తోల్కపోయి కోపిచ్చిన. వేళ్లకు పసుపు దారం కట్టిన. ఎవ్వలకు కనవడకుంట పెద్ద చెప్పులేసుకో అన్న."

"ముఖం గూడ ఉబ్బిందా?"

"ఒళ్లు చేసిందనుకున్న," బుచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఈ ఇంటికొచ్చినప్పుడు పుల్లలెక్కనుండె. నా చేతి బువ్వ పట్టిందనుకున్న. దిష్టి తగుల్తదని దిష్టి గూడ తీసిన బిడ్డా."

ఆ తర్వాత ఆమె ఆగలేదు. కోడలికి తలనొప్పి పది రోజుల నుంచి ఉంది. వెలుగు చూడలేకపోతే దుప్పటి కట్టింది తనే. కళ్ల ముందు మెరుపులు అంది, ఒకటి రెండుగా కనిపిస్తున్నాయంది. ఆదివారం రాత్రి రొమ్ముల కింద మంట అంటే మజ్జిగ ఇచ్చింది. పొద్దున తొట్టి దగ్గర ధడేల్‌మన్న చప్పుడు.

"ఉరికి పోయేసరికి కాళ్లు చేతులు కొట్టుకుంటున్నయ్. పండ్లు గిట్టకరిచింది. ఇనుము పట్టుకుంటే తగ్గుతదంటరు గద, నా కొంగుకున్న తాళంచెవి దాని గుప్పిట్ల పెట్టిన. అట్లనే పట్టుకొని పోయింది. గుప్పిడి ఇప్పి తీసుకునుడు నాతోని కాలే. ఇంకొకలు తీసిచ్చిండ్రు."

"డాక్టరుకు చూపిచ్చిండ్రా?"

"ఆరో నెల దాక సర్కారు దవాఖానకు పోయినం. కాళ్లు ఉబ్బినంక బస్సెక్కుడు కాలే. మన గల్లిల రాజం డాక్టరే బీపీ చూసిండు, వారం వారం. మంచిగుంది, ఫికర్ చెయ్యకుండ్రి అన్నడు."

నర్మద బయటికొచ్చి పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్ పద్మలతకు ఫోన్ చేసి, విన్నదంతా చెప్పింది.

"మెదడులో నరం చిట్లింది. కాళ్ల వాపు నేను రాసిన. లివర్ మీద మచ్చలు గూడ ఉన్నయ్," అంది డాక్టర్. "నా అనుమానం మొదటి నుంచి అదే. గర్భంతో ఉన్నప్పుడు బీపీ పెరిగి వచ్చే ఫిట్స్. ఊర్లల్ల గుర్రపువాతం అంటరు. కాని గల్లిల చూసినాయన మాట పట్టుకొని, బీపీ ఎప్పుడూ మామూలుగనే ఉందని పోలీసులు రాసిచ్చిండ్రు. బీపీ మంచిగుంటే నేను ఆ మాట ఎట్ల రాయాలె? అందుకే ల్యాబ్ రిపోర్టు దాక ఆగిన."

"కాళ్ల వాపు అందరికీ ఉంటది గద డాక్టరమ్మా?"

"కాళ్లకే ఉంటే అంత ఫికర్ లేదు. ముఖం, చేతులు గూడ ఉబ్బితే, తలనొప్పి గోలీకి తగ్గకపోతే, చూపు చెదిరితే, పై కడుపుల నొప్పొస్తే వెంటనే పెద్ద దవాఖాన. సూది మందుంది, ఫిట్స్ ఆపొచ్చు. చూపు చెదిరిందంటే మాత్రం రోజులు ఉండవు మేడం. గంటలే."

రాజం దవాఖాన అంటే ఒక షట్టర్, ఒక బల్ల, ఒక తెర. ఆయన డాక్టరు కాదు, ఆర్‌ఎంపీ. పాతికేళ్ల కింద ఒక డాక్టరు దగ్గర కాంపౌండరుగా చేసి నేర్చుకున్నాడు. నర్మద ఏమీ అడగకుండా స్టూలు మీద కూచుని చెయ్యి చాపింది.

"జర తల తిరుగుతంది, బీపీ చూడుండ్రి."

ఆయన పట్టీ చుట్టి రబ్బరు బుగ్గ వత్తడం మొదలుపెట్టాడు. పట్టీ బిగుసుకోలేదు. మోచేతి దగ్గర చర్మానికి సన్నగా గాలి తగులుతోంది. గొట్టానికి తెల్ల ప్లాస్టర్ చుట్టి ఉంది, గాలి అందులోంచే పోతోంది. గుండ్రటి అద్దంలో ముల్లు కొంచెం ఊగి ఆగింది. రాజం అటు చూడను కూడా లేదు.

"నూట ఇరవై, ఎనభై. మంచిగుంది. ఫికర్ చెయ్యకుండ్రి."

"రాజం సాబ్, నాకు బీపీ వచ్చి చానా ఏండ్లయింది. రెండు రోజులాయె గోలీ ఎయ్యక. గుర్తు చేసెటోళ్లు లేరు ఇంట్ల."

ఆయన చెయ్యి పట్టీ మీదే ఆగిపోయింది.

"తిరుమలకు గూడ నూట ఇరవైయేనా?"

"మీరెవరు?"

"గొట్టం ఎప్పుడు పగిలింది?"

రాజం లేచి తెర సర్దాడు. సర్దాల్సిందేమీ లేదు. "కింద పడ్డది ఒకసారి. కొత్తది తేవాలనుకుంటనే ఉన్న. పడుసుపిల్లలకు బీపీ ఎక్కడుంటదమ్మా? మంచిగుందంటే నవ్వుకుంట పోతరు. లేదంటే పరేషాన్ అయితరు. నేనేమన్న విషం ఇచ్చిన్నా?"

నర్మద పట్టీ విప్పి బల్ల మీద పెట్టింది. ఆ మనిషిని తిట్టాలని నోటిదాకా వచ్చింది. కానీ గోడ గడియారంలో పదకొండున్నర దాటింది. ఓంప్రకాశ్‌కు ఇది చాలదు. మట్టెలు తిరుమల బతికుండగానే కోశారని చెప్పే నోరు కావాలి. ఆమె కంసాలి అంతయ్య దుకాణం వైపు నడిచింది.

అంతయ్య కుంపటి ముందు వంగి ఏదో అతుకుతున్నాడు. కవరులోని మట్టెల ఫోటో చూపించగానే ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"బుచ్చవ్వ చెప్పింది తాతా. నువ్వు చెప్పకుంటే ఆమెను జైలుకు కొంటవోతరు."

"కోసిన," అన్నాడు ఆయన గొంతు తగ్గించి. "వారం కింద. పిల్ల నా ముందటనే కూసున్నది. కత్తెర లోపటికి పోతలేదు, వేలంత పూరీ లెక్క ఉబ్బింది. అబ్బా అని గూడ అనలే. మా ఆయనకు చెప్పకు తాతా అని ఒక్కటే అన్నది. పోలీసాయన ముందట గూడ చెప్త, పా." అంటూ లేవబోయి, ఆగి, తనలో తను అనుకున్నట్టు అన్నాడు. "ఈ కత్తెర వట్టాలంటే నాకిప్పుడు భయమైతంది. మల్ల పొద్దుగాలనే ఇంకొకామెయి కోసిన."

నర్మద ఫోన్ దించింది. "ఇంకొకామె ఎవరు?"

"ఒట్టేయిచ్చుకున్నది బిడ్డా. చెప్ప."

"కడుపుతోని ఉన్నదా?"

అంతయ్య కుంపటి వైపు చూస్తూ తల ఊపాడు.

గోడ మీద సగం బయటికి పెట్టిన గ్లాసు. తలకు బిగించిన గుడ్డ. ఏడ్చి ఉబ్బిందనుకున్న ముఖం. గోడ అడ్డంగా ఉంది కాబట్టి కాళ్లు కనిపించలేదు.

"నీ ఒట్టు నీ కాడనే ఉండని తాతా," అని నర్మద పరుగు అందుకుంది. ఆ వయసులో, ఆ ఎండలో, చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని ఆమె పరిగెత్తుతుంటే గల్లీలో ఆడవాళ్లు తలుపుల్లోకి వచ్చి చూశారు.

కోమల ఇంటి తలుపు దగ్గరికి వేసి ఉంది. కిటికీకి చీర కట్టి ఉంది. కోమల మంచం మీద గోడ వైపు తిరిగి పండుకుని ఉంది. రెండు పాదాలూ దుప్పట్లోంచి బయటికి ఉన్నాయి. రెండో వేళ్లకు కొత్త పసుపు దారాలు.

"కోమలా, నెత్తి నొస్తందా?"

"పగుల్తందక్కా. పొద్దుగాల రాజం డాక్టరు కాడికి పోయిన. బీపీ మంచిగుందన్నడు. మా ఆయనకు చెప్పకు, మట్టెలు కోపిచ్చినని. రాత్రంత బండి నడిపే మనిషి."

బయట జీపు స్టార్టయిన చప్పుడు వినిపించింది. నర్మద గుమ్మంలోకి ఉరికి, దాని ముందు అడ్డంగా నిలబడింది. వెనక సీట్లో ఇద్దరు ఆడ కానిస్టేబుళ్ల మధ్య బుచ్చవ్వ కూచుని ఉంది.

"పక్కకు జరుగు నర్మదమ్మా. కోర్టు టైమైతంది," అన్నాడు ఓంప్రకాశ్.

"జీపు నాకు కావాలె. కరీంనగర్ పెద్ద దవాఖానకు."

"ఇది ఆటో అనుకున్నవా?"

"అంబులెన్సుకు ఫోన్ చేసి, అది వచ్చిందాక ఆగేటంత టైం లేదు సార్. లోపటికి వచ్చి ఒక్కసారి కాళ్లు చూడు. నీ కాడున్న ఫోటోలు తీసుకొని రా. రెండూ పక్కపక్కన పెట్టి చూడు. ఆ తర్వాత నన్ను పక్కకు నూకినా ఏమనను."

ఆయన విసుగ్గా దిగాడు. కోమల మంచం దగ్గర ఒంగి, ఆ పాదాల మీది పసుపు దారాల కింద ఎర్రగా దిగిన గాడులను చూశాడు. జేబులోంచి ఫోటోల కవరు తీశాడు కానీ దాన్ని తెరవలేదు. తర్వాత వెనక్కి తిరిగి కానిస్టేబుళ్లను దిగమన్నాడు.

"ఈమెకెవరు విషం పోసిండ్రు నర్మదమ్మా?" అని అడిగాడు మెల్లగా. ఎగతాళి లేదు ఆ గొంతులో.

"దారిల చెప్త. ముందుగాల బండి తియ్యి."

నర్మద ఒక పక్క, ఓంప్రకాశ్ ఒక పక్క పట్టుకుని కోమలను జీపు ఎక్కించారు. ఎవరూ దిగమనలేదు కాబట్టి బుచ్చవ్వ లోపలే ఉంది. పక్కకు జరిగి, ఆ పిల్ల తలను ఒడిలోకి తీసుకుంది. నర్మద డాక్టర్ పద్మలతకు ఫోన్ కలిపి, బయలుదేరామని, సూది మందు సిద్ధం పెట్టించమని చెప్పింది.

జీపు గల్లీ దాటి రోడ్డెక్కింది. మిట్టమధ్యాహ్నం. ఎండ ముందు అద్దంలోంచి నేరుగా కోమల ముఖం మీద పడుతోంది. ఆమె కళ్లు పూర్తిగా తెరిచే ఉన్నాయి. రెప్ప కూడా వెయ్యడం లేదు.

"అక్కా," అంది కోమల. "అప్పుడే పొద్దువోయిందా? ఇంట్ల లైటెయ్యకుండనే వచ్చిన."

ఓంప్రకాశ్ అద్దంలోంచి వెనక్కి చూశాడు. జీపు వేగం పెరిగింది. నర్మద కోమల చెయ్యి పట్టుకుంది. ఆ చేతి వేళ్లు తమంతట తామే సన్నగా అదరడం మొదలుపెట్టాయి.

బుచ్చవ్వ కొంగు ముడి విప్పి, తాళంచెవి తీసి, కోమల గుప్పిట్లో పెట్టి, ఆ గుప్పిడిని తన రెండు చేతులతో మూసింది.